ఉప్పు తిన్న విశ్వాసం

నిజామాబాదు, బోధన్ ప్రాంతాలలో తిట్లకేమీ కొరత లేదు. కాని ఒక మనిషిని నలుగురిలో తల ఎత్తుకోనీయకుండా చేయాలంటే "నమక్‌హరాం" అన్న ఒక్క మాట చాలు. తిన్న ఉప్పుకు ద్రోహం చేసినవాడని దాని అర్థం. తెలుగులో మనం "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు" అంటాము. మాట వేరైనా భావం ఒకటే. వింత ఏమిటంటే, 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ధర్మమా అని బోధన్‌ను ఆనుకొని శక్కర్‌నగర్ అనే ఊరే వెలసింది. దశాబ్దాల తరబడి అక్కడి వేల కుటుంబాలు తిన్నది చక్కెర పెట్టిన కూడు. అయినా ఆ చక్కెర ఊళ్లో కూడా విశ్వాసాన్ని తూచేది ఉప్పుతోనే!

ఈ ఉప్పు మాట ఇప్పుడెందుకంటే, ముప్పయి అయిదేళ్లకు పైగా మన వెండితెరను ఏలుతున్న ఒక తరహా కథకు ఇదే ప్రాణం. అది దాదాల కథ, ముఠాల కథ. తెలుగులో ఆ కథకు కొత్త రూపు ఇచ్చిన "శివ" 1989 అక్టోబరు 5న విడుదలయింది. 2025 నవంబరులో అదే బొమ్మ కొత్త మెరుగులతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. కాలేజీ రోజులలో దానిని చూసిన తండ్రులు, ఇప్పుడు కాలేజీలో చదువుతున్న కొడుకుల పక్కన కూర్చుని చూసే అవకాశం కలిగింది.

ఇంతకాలం నిలిచిన కథలో ఏదో ఒక ఆకర్షణ ఉండి తీరాలి. కత్తులూ, తుపాకులే ఆ ఆకర్షణ అనుకుంటే పొరపాటు. కొట్లాటలు ప్రతి సినిమాలోనూ ఉన్నవి. ఈ కథలలో మనలను కట్టిపడేసేది ఆ మనుషుల మధ్య స్నేహం. ఒకరి కోసం ఒకరు ప్రాణాలిస్తారు, ఒకరి కోసం ఒకరు ప్రాణాలు తీస్తారు. మరి ఆ స్నేహం నిజమైనదేనా? నిజమైనదే అయితే ప్రతిసారీ నెత్తుటి మడుగులోనే ఎందుకు ముగుస్తుంది?

బకాసురుని బండి

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి బొంబాయి దాకా పోనక్కర లేదు. బోధన్‌లోనే మొదలుపెట్టవచ్చు. పాత పోదనపురమే నేటి బోధన్. భారతంలోని ఏకచక్రపురం కూడా ఇదేనని ఈ ప్రాంతపు ఐతిహ్యం. లక్క ఇంటి నుంచి తప్పించుకున్న పాండవులు తల్లితో సహా బ్రాహ్మణ వేషాలతో తలదాచుకున్న ఊరు అది.

బకాసురుని కథ మనందరికీ చిన్ననాడే తెలుసు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటితో పాటు ఒక మనిషి, ఇంటికొక వంతు చొప్పున అతనికి పంపాలి. అయితే చిన్నపిల్లలకు చెప్పేటప్పుడు మనం వదిలేసే ముక్క ఒకటి ఉన్నది. బకుడు ఊరిని ఊరికే తినడం లేదు. బయటి శత్రువుల నుంచి ఆ ఊరిని కాపాడుతున్నాడు. ఆ దేశపు రాజు చేతగానివాడు కావడం చేత రక్షణ భారం రాక్షసుని చేతిలో పడింది. ఆ బండెడు అన్నం అతని కాపలా కూలి.

దాదాలు దుకాణాల దగ్గర వసూలు చేసే మామూలుకు ఇంతకంటె పాత రూపం ఎక్కడ దొరుకుతుంది? "నీకు రక్షణ ఇస్తున్నాను, నాకు బండి తోలు" అన్నదే ప్రతి ముఠా చేసే మొదటి బేరం. రాజు లేని చోట బకుడు పుడతాడు. పోలీసు, కోర్టు, ప్రభుత్వం తన గోడు వింటాయన్న నమ్మకం పోయిన చోట సామాన్యుడు దాదా గుమ్మం తొక్కుతాడు.

ఐతే బకునికీ, సినిమా దాదాకూ ఒక తేడా ఉన్నది. బకుని కోసం ఏకచక్రపురంలో ఎవడూ కన్నీరు పెట్టలేదు. ఊరిది భయమే గాని విశ్వాసం కాదు. దాదాకు మాత్రం భయపడేవారితో పాటు ప్రేమించేవారు కూడా కావాలి. ఒంటరిగా బండెడు అన్నం తినే బకుడు బ్రతకగలిగాడు గాని, ఒంటరి దాదా ఒక్క రోజు బ్రతకలేడు. అందుకే అతడు వచ్చిన అన్నంలో కొంత పంచుతాడు. ఆ పంచడంలోనే ఉప్పు తిన్న విశ్వాసం మొదలవుతుంది.

బెజవాడ నీడ

"శివ" దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీలో చదువుకున్నారు. విద్యార్థిగా అక్కడ తాను చూసిన గొడవలే ఆ కథకు ముడిసరుకని ఆయనే పలుమార్లు చెప్పారు. ఆ రోజులలో బెజవాడలో కాలేజీ ఎన్నికలూ, విద్యార్థి సంఘాలూ, కార్మిక సంఘాలూ, నగర రాజకీయాలూ వేరు వేరుగా ఉండేవి కావు. ఒకే శిబిరంలో భుజం భుజం కలిపి నడిచినవారు తరువాత ఎదురెదురు శిబిరాలలో నిలిచారు. 1985లో శాసనసభకు ఎన్నికైన వంగవీటి మోహన రంగా 1988 డిసెంబరు 26న నిరాహారదీక్షలో ఉండగానే హత్యకు గురయ్యారు. నగరం అల్లర్లతో అట్టుడికి, చాలా రోజులు కర్ఫ్యూలో మగ్గిపోయింది.

ఆ మంటలు చల్లారి పది నెలలయినా కాకముందే "శివ" వచ్చింది. ప్రేక్షకులకు అది కట్టుకథలా తోచకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అన్నపూర్ణా స్టూడియోస్ పతాకం మీద అక్కినేని వెంకట్, యార్లగడ్డ సురేంద్ర నిర్మించిన ఆ చిత్రంలో ఊరి పేరు బెజవాడ కాకపోవచ్చు. చూసినవారు మాత్రం ఎవరి ఊరు వారికి కనబడిందనుకున్నారు. వర్మ 2016లో "వంగవీటి" పేరుతోనే మరో సినిమా తీసి, ఆ నగరపు వైరాల చరిత్ర వైపు మళ్లీ తిరిగారు.

శివ ఏమి పోగొట్టుకున్నాడు?

"శివ" అనగానే అందరూ సైకిలు చైను గురించే చెబుతారు. నాగార్జున సైకిలు చైను లాగి జె.డి. మీద తిరగబడిన ఆ ఘట్టం అంత పేరు పొందింది. ఆ చైను చప్పుడులో కథ చెబుతున్న అసలు సంగతి చాలామందికి వినబడలేదేమోనని నా అనుమానం.

కథ తీరు గమనించండి. కాలేజీలో జె.డి. అనే కుర్రవాడి జులుం నడుస్తున్నది. జె.డి.కి సొంత బలం లేదు. అతడి వెనుక గణేష్ వంటివారు ఉన్నారు, వారి వెనుక భవానీ ఉన్నాడు. రఘువరన్ ఆ పాత్రను అరుపులు లేకుండా, పెద్ద పెద్ద చూపులు లేకుండా పోషించి మన ప్రతినాయకుల తీరునే మార్చివేశాడు. అయితే భవానీతోనూ మెట్లు ఆగిపోలేదు. అతని పైన కోట శ్రీనివాసరావు ధరించిన మాచిరాజు అనే రాజకీయ నాయకుడు ఉన్నాడు. కాలేజీ కుర్రవాని నుంచి నాయకుని వరకు ఒకటే నిచ్చెన.

ఈ నిచ్చెనలో క్రింది మెట్టు మీద ఉన్నవాడు పైవాని కోసం ఒళ్లు విరగ్గొట్టుకుంటాడు. పైమెట్టు మీద ఉన్నవాడు మాత్రం క్రిందివాని బలం ఎంత మిగిలిందో లెక్క చూసుకుంటాడు. భవానీ పలుకుబడి సడలుతున్నదని తోచగానే మాచిరాజు గోడ మీది పిల్లి అవుతాడు. అంతకాలం భవానీ అండతో పెరిగిన పెద్దమనిషికి అతని ఉప్పు గుర్తుకు రాలేదు. విశ్వాసం క్రింది నుంచి పైకి పారుతుంది గాని, పై నుంచి క్రిందికి ఒక్క చుక్క కూడా జారదు.

ఇక శివ వైపు చూద్దాము. అతని స్నేహితులు జీతం కోసం చేరినవారు కారు. అన్యాయం సహించలేక ఒకటయ్యారు. అది నిజమైన స్నేహమే. కాని వైరం ముదిరిన కొద్దీ శివ కూడా మనుషులను కూడగట్టవలసి వచ్చింది. మిత్రుడు మల్లి భవానీ మనుషుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. చివరకు, ఈ తగవుతో ఏ సంబంధమూ లేని శివ అన్న కూతురు, పసిపిల్ల, బలి అయిపోయింది. భవానీ చచ్చాడు, శివ గెలిచాడు. ఆ గెలుపు తీసుకొని అతడు ఏ ముఖంతో అన్న ఇంటి గడప ఎక్కాలి? సైకిలు చైను గుర్తున్నవారికి ఆ పాప కూడా గుర్తుంటే బాగుండును.

సత్య పక్కన నిలిచినవారు

"శివ"లో జె.డి. వేషం వేసిన కుర్రవాడు ఆ పేరునే తన పేరు ముందు నిలుపుకొని జె.డి. చక్రవర్తి అయ్యాడు. తొమ్మిదేళ్లకు, 1998 జూలైలో, అదే దర్శకుని "సత్య"లో అతడే కథానాయకుడు. ఇది హిందీ చిత్రం, కథ జరిగేది బొంబాయిలో. తెలుగు దర్శకుడు, తెలుగు నటుడు కలిసి హిందీ సినిమాలో ముఠా కథలకు కొత్త దారి వేశారనడం అతిశయోక్తి కాదు. అందులో భీకూ మాత్రే పాత్రకు మనోజ్ బాజ్‌పాయికి ఉత్తమ సహాయ నటునిగా జాతీయ బహుమతి లభించింది.

సత్యకు వెనుకా ముందూ ఎవరూ లేరు. పని వెతుక్కుంటూ బొంబాయి వచ్చి, చేయని నేరానికి జైలు పాలయ్యాడు. అక్కడ భీకూ పరిచయమయ్యాడు. కొట్టుకున్నారు, ఆ తరువాత ప్రాణమిత్రులయ్యారు. కూడూ గూడూ చూపించిన భీకూ అతనికి అన్నదమ్ముల కంటె ఎక్కువ. ఈ స్నేహంలో కపటం ఎక్కడా లేదు.

ముఠాకు అసలు పెద్ద భావూ. మరాఠీలో ఆ మాటకు అన్న అని అర్థం. నగరపాలక సంస్థ ఎన్నికల వేళ గొడవలు పనికిరావని, ప్రత్యర్థి గురునారాయణ్ జోలికి పోవద్దని అతడు ఆజ్ఞాపించాడు. భీకూ ఆ మాట మీరాడు. భావూ ఏమీ ఎరగనట్లు ఊరుకొని, భీకూ బలంతోనే ఎన్నికలు గెలిచాడు. గెలిచిన సంబరంలో, అందరూ నవ్వుతూ కూర్చున్న వేళ, భీకూను కాల్చి చంపాడు. అన్న అని పిలిపించుకున్నవాడు తమ్మునికి చేసిన సత్కారం అది!

ఆ తరువాతి ఘట్టం ఇంకా ఆలోచింపదగినది. సత్య గణపతి నిమజ్జనపు జనసందోహంలో భావూను పొడిచి చంపి, తానూ గాయపడి, ముఠాలో అందరూ మామా అని పిలిచే కల్లూ దగ్గరకు చేరాడు. సత్యను ముగించెయ్యమని కల్లూకు ముఠా వకీలు మూలే చెప్పాడు. క్షణం సేపు ఎటు మొగ్గుతాడో తెలియదు. కల్లూమామ తుపాకి తిప్పి మూలేనే కాల్చాడు. భీకూ ఉప్పు అతడు మరువలేదు.

హాలులో ఈ చోట చప్పట్లు పడతాయి. పడడంలో తప్పు లేదు. ఇంటికి వచ్చిన తరువాత మాత్రం ఒక్కసారి నెమరు వేసుకోవాలి. ఆ కథ మొత్తంలో విశ్వాసానికి అత్యున్నతమైన నిదర్శనం ఏది? మరొక హత్య. ముఠాలో ప్రేమను చూపడానికి కూడా చేతిలో ఉన్నది తుపాకి ఒక్కటే. చివరకు సత్య తాను ప్రేమించిన విద్య ఇంటి గుమ్మంలో పోలీసు గుండుకు నేలకొరిగాడు. తన పక్కింటివాడు ఎవరో, చేసే పని ఏమిటో అంతకాలం తెలియక ప్రేమించిన ఆడపిల్లకు మిగిలినది అదే.

కర్ణుడు, విభీషణుడు, కుంభకర్ణుడు

మనవాళ్లు ఈ కథలను ఇంత సులువుగా అందుకోవడానికి కారణం ఉన్నది. ఉప్పు ధర్మం, న్యాయ ధర్మం ఎదురెదురుగా నిలిస్తే ఏది గొప్పదన్న తగవు మన ఇతిహాసాలలో ఏనాటినుంచో ఉన్నది. తరగతిలో కర్ణుని పాఠం వచ్చిన రోజున పిల్లలు తప్పక రెండు పక్షాలవుతారు. దుర్యోధనుని విడవనందుకు మెచ్చేవారు కొందరు, సభలో ద్రౌపదికి జరిగిన అవమానానికి వంత పాడినందుకు క్షమించనివారు కొందరు.

1977లో ఎన్.టి. రామారావు "దాన వీర శూర కర్ణ"లో కర్ణ, దుర్యోధన, కృష్ణ పాత్రలు మూడూ తానే ధరించి, దుర్యోధనుని స్నేహానికి తెలుగువారి మనసులో ఒక సింహాసనమే వేశారు. 1991లో మణిరత్నం అదే స్నేహాన్ని ముఠా కథగా మలచిన తమిళ చిత్రమే మన "దళపతి". రజనీకాంత్ సూర్యునిగా, మమ్ముట్టి దేవరాజుగా నటించారు. జిల్లా కలెక్టరు తన తమ్ముడేనని తెలిసినా సూర్యుడు దేవరాజును విడువలేదు.

కర్ణునిది ఒక దారి అయితే, విభీషణునిది మరొక దారి. అన్న అధర్మం చేస్తున్నాడని చెప్పి చూసి, వినకపోతే వెళ్లిపోయాడు. రాముని పూజించే మనమే "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెత కూడా పుట్టించుకున్నాము. ధర్మం పక్షాన నిలిచినా, ఉప్పు మరచాడన్న నింద అతనిని వదలలేదు. మూడవ దారి కుంభకర్ణునిది. తప్పని అన్న ముఖం మీదనే చెప్పి, అయినా అతని కోసం యుద్ధానికి పోయి చచ్చాడు.

ముఠా సినిమాలలో విశ్వాసపాత్రులందరూ ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు. భీకూను విడువని సత్య కర్ణుడే. పాశ్చాత్యుల కథలలోనూ ఇదే తీరు. 1969లో మారియో పూజో రాసిన నవల ఆధారంగా 1972లో వచ్చిన "గాడ్‌ఫాదర్"లో టెస్సియో అనేవాడు కుటుంబ పెద్దకు ఏళ్ల తరబడి నమ్మినబంటు. పెద్దాయన పోయి కొడుకు గద్దె ఎక్కగానే శత్రువుతో చేయి కలిపాడు. అతడు విభీషణుడు మాత్రం కాడు. ధర్మం కోసం పోలేదు, లాభం కోసం పోయాడు. ముఠాలను విడిచేవారిలో ఎక్కువమంది ఈ రకం వారే. అందుకే ఏ దాదాకూ రాత్రి నిద్ర పట్టదు.

వైరం పుట్టే చోటు కూడా ఇదే. ముఠాకు ప్రమాదం ఎదుటి ముఠా నుంచి వస్తుందని మనం అనుకుంటాము. కాని భీకూను చంపింది ప్రత్యర్థి గురునారాయణ్ కాదు, సొంత భావూయే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. తమ్ముడు ఎంత నమ్మకంగా పనిచేస్తే అంత బలవంతుడవుతాడు. ఎంత బలవంతుడయితే అన్నకు అంత కంటిలో నలుసవుతాడు. చక్కగా సేవ చేయడమే ఇక్కడ అన్నిటికంటె పెద్ద అపరాధమై కూర్చుంటుంది. మనిషిని మాత్రమే నమ్మి, ఆ మనిషికి పైన ఏ ధర్మాన్నీ నిలుపుకోని విశ్వాసానికి ఇంతకంటె వేరే గతి లేదు.

అరువు చుట్టరికాలు

ఇంకొక చిన్న సంగతి. ఈ కథలలో పిలుపులు గమనించారా? భాయ్, భావూ, అన్న, మామ, గాడ్‌ఫాదర్ - అన్నీ ఇంటిలోని పిలుపులే! ముఠాకు సొంత భాష లేదు. మన కుటుంబాల నుంచి చుట్టరికాలను అరువు తెచ్చుకున్నది. పిలుపు తెచ్చుకున్నది గాని, దాని వెంట ఉండవలసిన బరువును తెచ్చుకోలేదు. ఇంటిలో అన్న అంటే తమ్మునికి జ్వరం వస్తే మందు తెచ్చేవాడు, ఫీజు కట్టడానికి తన కొత్త చొక్కా మానుకొనేవాడు. ముఠాలో అన్న అంటే తన బదులు తమ్ముణ్ణి జైలుకు పంపేవాడు.

ఇది సినిమా గొడవ మాత్రమే అయితే ఇంత చెప్పనక్కర లేదు. ఇవాళ మన పట్టణాలలో ఏ కూడలిలో నిలబడినా ఎవరో ఒక అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ కనబడుతుంది. పెద్ద బొమ్మ అన్నది, క్రింద వరుసగా తపాలాబిళ్లలంత బొమ్మలు కుర్రవాళ్లవి. ఆ చిన్న బొమ్మలలో తన ముఖం ఉన్నదని మురిసిపోయే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. వారందరూ రౌడీలని కాదు. చాలామంది బుద్ధిమంతులే. తమను పేరు పెట్టి పిలిచే పెద్దవాడు ఒకడు ఉన్నాడన్న ధైర్యం వారికి కావాలి. ఆ ఆకలి ఇంట్లో, కాలేజీలో తీరకపోతే వీధిలో తీరుతుంది.

విశ్వాసం అంటే ఎట్లా ఉండాలో చూపడానికి కూడా బోధనే పనికివస్తుంది. 2015 డిసెంబరులో అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. ఫ్యాక్టరీని తిరిగి తెరిపించాలని కార్మికులూ, చెరకు రైతులూ ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు, అర్జీలు పెట్టుకున్నారు. వారిని కలిపింది ఒక దాదా పెట్టిన కూడు కాదు. తమ చేతులతో నడిపిన మరలు, తమ పొలాలలో పెరిగిన చెరకు, పక్కవాడి ఇంటి పొయ్యి. ఒకడు తప్పుకుంటే వానిని చంపేవారు లేరు, అయినా నిలిచినవారు నిలిచారు. ఉప్పు తిన్న విశ్వాసం అనే మాటకు ఇంతకంటె మంచి అర్థం నాకు తోచదు. ఆ ఉప్పులో ఎవరి కాపలా కూలీ లేదు. ఉన్నది వారి చెమట ఉప్పే.

కనుక పిల్లలను ముఠా సినిమాలకు పోనివ్వవద్దని నేను చెప్పబోవడం లేదు. "శివ", "సత్య" మంచి చిత్రాలు. చూడవలసినవే, కుదిరితే కుటుంబమంతా కలిసి చూడవలసినవే. చూసిన తరువాత భోజనాల దగ్గర నాలుగు మాటలు నడవాలి. ఎవరు ఎవరి కోసం చచ్చారు? ఎవరు ఎవరి చేత చంపించారు? చివరకు ఆ ఇళ్లలో ఏడుస్తూ మిగిలినది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు పిల్లలే సమాధానాలు చెబుతారు, మనం ఉపన్యాసం ఇవ్వనక్కర లేదు.

ఇక నాలుగవ ప్రశ్న ఒకటి పెద్దల దగ్గర దాచుకొని ఉంచుకోవాలి. అన్న పిలిచాడంటూ రాత్రివేళ గుమ్మం దాటబోయే కుర్రవానిని కోపం లేకుండా, మెల్లగా అడగవలసిన ప్రశ్న అది: "నాయనా, నీకు కష్టం వచ్చిన రాత్రి ఆ అన్న లేచి వస్తాడా?"